తువ్వాలు కింద చేతులు

తిప్పేస్వామి అబద్ధం చెబుతున్నాడని వాసవి ఏడు నిమిషాల్లో తేల్చేసింది. ఆమె రికార్డుకు అది కాస్త ఎక్కువ సమయమే.

హిందూపురంలో ఓ గోడౌన్ వెనక గది అది. బయట బోర్డు మీద వేరుశనగ విత్తనాలు అని ఉంటుంది. లోపల కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగం సేఫ్ హౌస్. ఆ ఉదయం అక్కడే చీఫ్ చంద్రమోహన్ ఆమెకు బ్రీఫింగ్ ఇచ్చాడు. మాటకు మాట అతుక్కోకుండా మాట్లాడటం ఆయనకు అలవాటు.

"గోరంట్ల దగ్గర మన రాడార్ టెస్ట్ సెంటర్. కోడ్స్ ఉన్న చిప్ బయటికొచ్చింది. తీసింది అరుణ్ అనే ఇంజనీర్. నిన్నటి నుంచి కనబడ్డం లేదు. కొనేది ఆర్కిడ్ అనే విదేశీ ముఠా. ఈ మధ్యాహ్నం లోపల చిప్ చేతులు మారుతుంది."

"ఎక్కడ సార్?"

"అదే తలనొప్పి. సోర్సులు రెండు, ఊళ్ళు రెండు. రంజిత ధర్మవరం స్టేషన్ అంటోంది. తిప్పేస్వామి పెనుకొండ గొర్రెల సంత అంటున్నాడు. నా దగ్గర ఆరుగురే ఉన్నారు. ఒక్క చోటికే పంపగలను. ఇద్దరిలో అబద్ధం ఎవరిదో చెప్పు. అంతే నీ పని."

పదహారేళ్ళుగా వాసవి పని అదే. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నమ్మొచ్చో లేదో చెప్పడం. విభాగం ఆమెకు మొహంలో రక్తం కదలికను బట్టి నాడి లెక్కగట్టే కళ్ళద్దాలిచ్చింది, చొక్కా గుండీలో కెమెరా ఇచ్చింది, రెండు మత్తు సూదులు దాచిన ఉంగరం ఇచ్చింది. అసలు చదువు మాత్రం హిందూపురం బజారులో నాయన సీతారామాంజనేయులు బట్టల కొట్లో అయింది. "కాళ్ళు చూడమ్మా," అనేవాడాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని. "నోరు చీర అడుగుతాంటుంది, కాళ్ళు గుమ్మం దిక్కు తిరిగింటాయి. అట్లాంటోళ్ళకు మడత విప్పొద్దు." పదేళ్ళకే ఆమెకు కొనేవాళ్ళెవరో, ఊరికే విప్పించేవాళ్ళెవరో తెలిసిపోయేది.

తిప్పేస్వామి కాళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి.

అతనిది రొళ్ళ దగ్గర పల్లె. గొర్రెల కాపరి. మేత కోసం మందను గోరంట్ల దాకా తోలుకొస్తాడు. రాడార్ సెంటర్ కంచె చుట్టూ తిరిగే కొత్త మొహాల గురించి రెండేళ్ళుగా విభాగానికి కబురందిస్తున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఎదుటివాడి యాసలో అడిగితే నోరు త్వరగా తెరుస్తాడని ట్రైనింగులో నేర్పారు. వాసవి తన చిన్నప్పటి యాస బయటికి తీసింది.

"ఏం చూసినావు, యాడ చూసినావు?"

"సంతలో మేడమ్. పోయినవారమూ, అంతకుముందు వారమూ. ఇద్దరు తువ్వాలు కింద చేతులు పెట్టుకోని ఉండ్రి. ఒగడు ఆ ఇంజినీరు సారు. ఇంగొగడు బేరగాని మాదిరి తలగుడ్డ చుట్టుకోని ఉండాడు. ఈ పొద్దు గూడా వస్తారు."

గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టి నొక్కుతారు. నాలుగు వేళ్ళంటే నాలుగు వేలు, సగం వేలంటే అయిదొందలు. పక్కనున్నవాడికి తెలియకూడదని మొహాలు మొద్దుల్లా పెట్టుకుంటారు. ఇంకొకరి తువ్వాలు కిందికి తొంగి చూడటం మర్యాద కాదు.

"అది గొర్రె బేరమే అయిండొచ్చు గదా?"

"కాదు మేడమ్. పల్లు సూడలే."

"అంటే?"

"గొర్రె నోరు తెరిచి పల్లు సూడకుండా, నడుం పట్టకుండా ధర మాట్లాడేటోడు యాడన్నా ఉండాడా మేడమ్?"

వాసవి ట్యాబ్‌లో రాసుకుంది: ప్రశ్నకు ప్రశ్నతో జవాబు. కళ్ళలోకి చూడడు. గోళ్ళు గిల్లుకుంటున్నాడు. నాడి నూట ఇరవై.

"నన్ను ఈ పొద్దుకు ఈడనే పెట్టుకోండి మేడమ్," అన్నాడు తిప్పేస్వామి నేల చూస్తూ. "తలగుడ్డోడు నన్ను సూసినాడు. ఈడ సందు లేదంటే నేను మందకాడికి పోవల్ల. మంద సంతలోనే ఉండాది."

అడగకముందే రక్షణ కోరుతున్నాడు, అని కూడా రాసుకుంది.

తర్వాత రంజిత వచ్చింది. విభాగం మనిషే. ధర్మవరం పట్టుచీరల ఎక్స్‌పోర్టర్ వేషంలో మూడేళ్ళ క్రితం ఆర్కిడ్‌లో చేరి, లోపలి సంగతులు మోసుకొస్తున్న డబుల్ ఏజెంట్. కాఫీరంగు పట్టుచీర, చెవులకు ఒంటిరాళ్ళు. గదిలోకి రాగానే గది ఆమెదైపోయింది. కుర్చీలో స్థిరంగా కూర్చుంది. అరచేతులు పైకి. చూపు సూటిగా. నాడి డెబ్బై రెండు.

"పన్నెండు గంటల రైలుకు అరుణ్ దిగుతాడు. పాస్‌వర్డ్ 'మామిడిపిందెల అంచు'. ఒక్క తప్పు నాది, వాసవీ. ఈ సంగతి నిన్ననే చెప్పాల్సింది. భయపడ్డాను. నన్ను నమ్ము."

చిన్న తప్పు తానుగా ఒప్పుకున్నవాడు పెద్ద అబద్ధం ఆడడు. అది ట్రైనింగు పుస్తకంలో మాట.

"రంజిత నిజం," అంది వాసవి. "గొర్రెలాయన అబద్ధం. ఎవరో నేర్పించి పంపారు."

చంద్రమోహన్ ఫారంలో తిప్పేస్వామి పేరు ఎదురుగా 'నమ్మదగనివాడు' అని టిక్ పెట్టాడు. నమ్మదగనివాడికి సేఫ్ హౌస్‌లో చోటుండదు. తిప్పేస్వామి గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా బస్టాండ్ వైపు నడిచిపోయాడు.

ధర్మవరంలో స్టేషన్ రోడ్డు కనిపించేలా ఓ పట్టుచీరల కొట్లో మేడ మీద మాటు వేశారు. వాసవి పెళ్ళిచీరలకొచ్చిన గిరాకీ వేషం. పక్కన రంజిత. కింద రోడ్డు మీద ఆరుగురు మనుషులు ఆటోడ్రైవర్లుగా, టీ తాగేవాళ్ళుగా చెదిరి ఉన్నారు. చెవిలోని రిసీవర్‌లో చంద్రమోహన్.

పదకొండూ నలభైకి మెట్లెక్కి ఒక నేతకత్తె వచ్చింది. చంకలో మూటగట్టిన చీర. కొట్టు షావుకారు ఆమెను నిలబెట్టి అడిగాడు.

"ఏం యశోదా, సోమవారం ఇస్తానంటివి. ఈ పొద్దు యా వారం?"

"మగ్గం గుంతలోకి నీళ్ళొచ్చినాయి సేటూ. ఎత్తిపోసే కొద్దీ వస్తాండాయి."

"ఎండలు ఇట్ల మండుతాంటే నీళ్ళు యాడినుంచి వచ్చినాయి?"

"పైపు పగిలింది సేటూ."

"నీ మొగం చూస్తేనే తెలుస్తాండాది, అబద్ధమని."

యశోద తల వంచుకుంది. గోళ్ళు గిల్లుకుంటోంది. కాళ్ళు మెట్ల వైపు తిరిగి ఉన్నాయి. వాసవి అలవాటు కొద్దీ కళ్ళద్దాల్లో చూసింది. నాడి నూట పద్దెనిమిది. అబద్ధమే, అనుకుంది. అనుకున్నాక ఆమె చూపు ఇంకా కిందికి జారింది. యశోద చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా బురదతో అట్టగట్టి ఉన్నాయి. నల్లటి బురద, నేసేటప్పుడు కాళ్ళు దింపుకునే మగ్గం గుంతది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

 నాయన కొట్లో చిన్నప్పుడు ఎంతమంది ఇలా నిలబడలేదు? కళ్ళెత్తకుండా, కూర్చోమన్నా కూర్చోకుండా, ఎప్పుడు గెంటితే అప్పుడు పోవడానికి వీలుగా కాళ్ళు గుమ్మం వైపు పెట్టుకుని. వాళ్ళు రాగానే నాయన "చేతులు చూసుకోండి" అని గుమాస్తాలకు సైగ చేసేవాడు. దొంగతనం ఎవరూ చేయలేదు. ఆయన చూపు మాత్రం మారలేదు. ఆ చూపుకే పదును పెట్టి, కళ్ళద్దాలు తగిలించి, ఆమె పదహారేళ్ళు సైన్స్ అని పిలిచింది. అవి అబద్ధం గుర్తులు కావు. ఏనాడూ ఎవరూ నమ్మని మనిషి గుర్తులు.

"పన్నెండయింది," అంది వాసవి మెల్లగా. "రైలొచ్చింది. అరుణ్ దిగలేదు."

రంజిత అరచేతులు పైకి తెరిచింది. సూటిగా చూసింది. "వస్తాడు. నన్ను నమ్ము."

పొద్దున ఎలాగో ఇప్పుడూ అలాగే. అదే ఊపిరి, అదే సగం నవ్వు. కట్టిన చీర ఎక్కడో ఒకచోట నలుగుతుంది. బీరువాలో దాచిన చీరకే మడత చెదరదు. వాసవి ఆమె చెయ్యి పట్టుకుని ఉంగరం నొక్కింది.

"ఏం చూసి పట్టుకున్నావు?" కుర్చీలోకి జారుతూ అడిగింది రంజిత. నవ్వు ఇంకా చెదరలేదు. "ఇద్దరం ఒకే బడిలో నేర్చుకున్నాం కదా."

"అందుకే."

చెవిలో చంద్రమోహన్ గొంతు మండిపడింది. "వాసవీ, రిపోర్టు ఇచ్చింది నువ్వే."

"తప్పు రిపోర్టు సార్. పెనుకొండ సంత. అందరినీ పంపించండి."

నలభై కిలోమీటర్లు. జీపు దారిలో రెండుచోట్ల ట్రాక్టర్ల వెనక చిక్కుకుంది. దారి పొడవునా వాసవి ఒక్కటే కోరుకుంది: అతను సంతకు పోకుండా ఉంటే బాగుండునని. చిప్ సంగతి ఆమెకు రెండోసారి గుర్తు రాలేదు.

పన్నెండూ యాభైకి సంత పలచబడుతోంది. చింతచెట్టు నీడలో ముగ్గురు మనుషులు ఒకే తువ్వాలు చుట్టూ నిలబడి ఉన్నారు. తలగుడ్డ చుట్టుకున్నవాడు, మాసిన గళ్ళలుంగీలో ఇంజనీర్ అరుణ్, వాళ్ళ మధ్య తిప్పేస్వామి. అతని రెండు చేతులూ తువ్వాలు కింద ఉన్నాయి. చుట్టూ జనం గొర్రెల్ని తోలుకుపోతున్నారు. బేరం గట్టిదే అనుకుంటూ ఓ ముసలాయన బీడీ ముట్టించుకున్నాడు. ఎవరూ తువ్వాలు కిందికి చూడలేదు.

వాసవి తిప్పేస్వామి మొహం చూసింది. ఏమీ లేదు అందులో. నొప్పి లేదు, భయం లేదు. బేరంలో ఉన్న మొహం. తువ్వాలు అంచు నుంచి ఎర్రగా కారుతున్నదాన్ని చూసేదాకా ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

తలగుడ్డవాడి రెండో చెయ్యి తువ్వాలు కిందినుంచి బయటపడబోతోంది. వాసవి ఉంగరంలో మిగిలిన సూదిని వాడి మెడలో దింపింది. అరుణ్ చెయ్యి విదిలించుకుని పరిగెత్తబోయి గొర్రెల మధ్య బోర్లాపడ్డాడు. వెనకే వచ్చిన మనుషులు వాణ్ని నొక్కి పట్టారు. తువ్వాలు జారిపోయింది. తిప్పేస్వామి కడుపులో కత్తి పిడిదాకా ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. అరిస్తే జనం చెదురుతారని, చెదిరితే వాళ్ళు తప్పించుకుంటారని అరవలేదు. వాళ్ళిద్దరి మణికట్లూ పట్టుకున్న పట్టు అప్పటిదాకా వదల్లేదు. అతని పిడికిలి విప్పితే అందులో చిప్ ఉంది.

జీపులో తల ఆమె ఒళ్ళో పెట్టుకుంది. అతను కళ్ళు తెరిచి ఆమె ట్యాబ్ వైపు చూశాడు.

"ఇప్పుడు రాసుకోండి మేడమ్."

ఆమె ఏదో చెప్పబోయింది. క్షమించమనాలో, నమ్ముతున్నాననాలో తేలలేదు. తేలేలోపు ఆస్పత్రి గేటు వచ్చింది. అప్పటికే అయిపోయింది.

మూడోరోజు విభాగం రెండు ఉత్తర్వులు పంపింది. ఒకటి, చిప్ కోసం చేసిన ఆపరేషన్ జరీ విజయం, వాసవికి ప్రశంసాపత్రం. రెండు, రహస్యం బయటపడకూడదు గనుక తిప్పేస్వామి సంతలో బేరం గొడవలో చనిపోయాడని అతని భార్యకు చెప్పాలి. చెప్పాల్సింది వాసవి. ఎలా చెబితే నమ్ముతారో ఆమెకే తెలుసు గనుక.

రొళ్ళ దగ్గర పల్లెలో రాతి బండల ఇల్లు. అతని భార్య చౌడక్క గడపలో కూర్చుని ఉంది. మంద అవతల దొడ్లో అరుస్తోంది. వాసవి పోలీసు అధికారి వేషంలో వచ్చింది. నేల మీద ఆమెకు ఎదురుగా కూర్చుంది. అరచేతులు పైకి తెరిచింది. గొంతు తగ్గించింది. కళ్ళలోకి సూటిగా చూసింది.

"బేరం కాడ మాటా మాటా పెరిగింది అక్కా. పొడిచినోడు దొరికినాడు. మీ ఆయన తప్పేం లేదు."

చౌడక్క చాలాసేపు ఆమెనే చూసింది.

"మా ఆయప్ప బేరం కాడ నోరెత్తేటోడు కాదే," అంది చివరికి. "నువ్వు ఇట్ల నా కండ్లలోకి సూసి సెప్తాండావు గదమ్మా. మాతో ఇంత నేరుగా కండ్లలోకి సూసి మాట్లాడినోళ్ళు ఇంతవరకూ ఒగరూ నిజం సెప్పలే."

 చెవిలో చంద్రమోహన్ అడిగాడు. "ఏమైంది? నమ్మిందా?"

"లేదు సార్. మనకంటే బాగా మనుషుల్ని చదువుతుంది."

 ఫైల్లో మాత్రం ఆయన, "కుటుంబం ఎటువంటి సందేహమూ లేకుండా నమ్మింది" అని రాసి సంతకం పెట్టాడు.