తలకు పట్టిన దేవదారు

శీకాకాయతో మూడోసారి తల రుద్దుకుంది జబీన్. అయినా ఆ అత్తరు వాసన పోలేదు. తడి తగిలేసరికి ఇంకా ఘాటుగా లేచింది. వానకు తడిసిన కొత్త తలుపు దగ్గర నిలబడినట్టుంది.

"ఎంత పూసుకున్నవే?" అంది తల్లి సకీనాబీ, గేటు వైపు చూస్తూ.

"మూడు చుక్కలే అమ్మీ. జుట్టుకు రాస్తే నాలుగు దినాలుంటదని పర్వేజ్ చెప్పిండు. గిట్ల పట్టుకుంటదని నాకేం తెల్సు?"

"మీ అబ్బా ముక్కు సంగతి గూడ తెల్వదా?"

వనపర్తిలో ఆ ముక్కు సంగతి తెలియనివాళ్లు లేరు. అబ్దుల్ మజీద్ ముప్పై ఏళ్లుగా అత్తర్లు అమ్ముతున్నాడు. ఇవాళ పెబ్బేరు సంతకు పోయాడు, పొద్దుగూకేలోపు వచ్చేస్తాడు. రేపు బిజినేపల్లి వాళ్లు పెళ్లిచూపులకు వస్తున్నారు. వాళ్లు ఒప్పుకొని అబ్బా మాట ఇచ్చాడంటే ఇక తిరుగుండదు.

గద్వాల పర్వేజ్‌ను ఆమె మొదట చూసింది ఆ సంతలోనే. అబ్బా నమాజుకు పోయిన వేళ వాన దంచికొట్టింది. ఎవరో కుర్రాడు అత్తరు పెట్టెతో వాళ్ల దుకాణానికి కట్టిన తాటిపత్రి కిందికి దూరాడు.

"నీ అత్తరు కట్టెలు కోసే సామిల్లు వాసనొస్తుంది," అందామె.

"సామిల్లు ఎన్నడన్న చూసినవా?"

"లేదు."

"మరి వాసనెట్ల తెలిసింది?"

ఆమె నవ్వేసింది. వాన ఆగినా అతను కదల్లేదు. అప్పట్నుంచి సెల్‌ఫోనే వాళ్ల సంత. తాను కలిపిన అత్తరు సీసా మొన్న బస్సులో పంపాడు.

గేటు చప్పుడైంది. సకీనాబీ గబగబా నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. ఇల్లంతా పొగ కమ్మింది.

మజీద్ గడపలోనే ఆగిపోయాడు. "ఇయ్యాల జుమ్మా కాదు గద, సాంబ్రాణెందుకు? నా ముక్కుకు పర్దా కడుతున్నరా?"

ఆయన కూతురి దగ్గరికొచ్చి గాలి పీల్చాడు.

"ఎవడు కలిపిండు?"

జబీన్ తడి జుట్టు ముడేసుకుంది. "గద్వాల... పర్వేజ్."

"ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు. నేనున్నట్టు చెప్పకు."

జబీన్ రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది.

"జబీన్! మా సామిల్లు సుగంధం ఎట్లుంది?" పర్వేజ్ మంచి హుషారులో ఉన్నాడు. సకీనాబీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేను మజీద్‌ను."



"స... సలామలేకుం చాచా."

"వాలేకుం సలాం. దీంట్ల గంధం ఎంత కలిపినవ్?"

అబ్బా ప్రతి కొత్త వ్యాపారినీ అడిగే ప్రశ్న ఇదే. అందరూ అసలు గంధమే అని ఒట్టేస్తారు. అబద్ధమాడినవాణ్ణి ఆయన మళ్లీ గడప తొక్కనివ్వడు. భయంలో పర్వేజ్ ఏమనేస్తాడో! ఆమె నోరు తెరవబోతే అబ్బా వద్దని వేలు చూపించాడు.

"చుక్క గూడ లేదు చాచా," అన్నాడు పర్వేజ్ మెల్లగా. "అసలు గంధం కొనే తాహతు నాకు లేదు. వట్టివేరు, దేవదారు, అంతే. జబీన్‌కు గూడ ఇదే చెప్పిన. అడుగుండ్రి."

మజీద్ కూతురి వైపు చూశాడు. ఆమె తలూపింది.

"దేవదారు ఎక్కువైంది," అన్నాడాయన, మళ్లోసారి గాలి పీల్చి. "ఆడపిల్ల జుట్టుకు గింత ఘాటు పనికిరాదు."

"తగ్గిస్త చాచా."

"ఫోన్ల తగ్గుతదా? ఐతారం నా ముందల కూసొని కలుపు. మీ అమ్మీ అబ్బాను గూడ తోలుకొనిరా."

ఆయన చెప్పులేసుకున్నాడు. "బిజినేపల్లోళ్లను రావద్దని చెప్పొస్త," అని భార్యతో అనేసి బయటికి నడిచాడు.

"జబీన్," పర్వేజ్ ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. "చాచా కోపంల అన్నడా, నిజంగ అన్నడా? నువ్వు ఏడుస్తున్నవా?"

"నోరు మూసుకొని ఐతారం ఫస్టు బస్సెక్కు," అంది జబీన్, కళ్లు తుడుచుకుంటూ.