గేట్‌మ్యాన్ ఇంటి వెనక కల్వర్టు

ఫుల్డా నది పక్కన, రైళ్లు ఆగిపోయిన పాత లైను మీద ఓ గేట్‌మ్యాన్ ఇల్లుంది. తలుపుల్లేవు. కప్పు సగం లేదు. అయినా పొద్దుగూకాక ఎవరూ దాని ముందు నుంచి సైకిలు తొక్కరు. లోపల ఎవరో మసులుతున్నట్టు ఉంటుందట... కుక్కలు కూడా అక్కడిదాకా వచ్చి వెనక్కి లాగుతాయట.

వోల్కర్ ఇవేవీ నమ్మే మనిషి కాదు. ఆ సాయంత్రం అతన్ని అక్కడికి లాక్కెళ్లింది ఒకటే — కడుపుమంట.

ఊరి చివర కొత్త డేటా సెంటర్ కడుతున్నారు. ఆసుపత్రుల రికార్డులు, అంబులెన్సు కాల్స్ అన్నీ దాని మీదే నడవాలి. అందుకే ఫైబర్ కేబుల్ రెండు వేరువేరు దారుల్లో రావాలి. ఒకటి తెగినా రెండోది పనిచేయాలి. రోడ్డు వెంట దారి వోల్కర్ గీశాడు. లైను వెంట దారి స్వెన్యా గీసింది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి నిండా రెండేళ్లు కాలేదు.

"ప్లానంటే ఇలా ఉండాలి! చూసి నేర్చుకోండయ్యా," అంది మేనేజరు హెల్గా, స్వెన్యా ప్లానుని అందరి ముందూ చూపిస్తూ.

ఇరవై రెండేళ్ల సర్వీసున్న వోల్కర్ కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

'ఆ పిల్ల గీసిన దారిలో, ఆ ఇంటి దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఒక్క ఫోటో చాలు. రేపు తెర మీద వేస్తే... అప్పుడు చూడాలి దాని మొహం!'

నవంబరు. ఐదున్నరకే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. బూట్ల కింద కంకర కరకరలాడుతోంది. ఆగాడు.

ఇంట్లో గుసగుస...

"నాలుగు ఇరవై... నాలుగు అరవై..."

కిటికీలో వెలుగు కదిలింది. పాలిపోయిన మొహం ఒకటి ఇటు తిరిగింది —

స్వెన్యా! నుదుటి మీద లైటు, చేతిలో కొలత టేపు. దాని కొస వెనక గుమ్మంలోంచి బయటికి సాగి ఉంది.

"హడలగొట్టావు కదా తల్లీ! ఏం చేస్తున్నావిక్కడ?" అంటూ లోపలికి అడుగుపెట్టాడు.

ఆమె కోటు జేబులోంచి మడత కాగితం తీసింది. "పాత పటం ఒకటి దొరికింది. ఈ ఇంటి వెనక కల్వర్టు ఉంది. రోడ్డూ, లైనూ రెండూ దాని మీదుగానే వాగు దాటతాయి. వరదకి అది కూలిందంటే రెండు కేబుళ్లూ ఒకేసారి పోతాయి. మీ సర్వేలో... అది లేదు."

"మీటింగులో చెప్పలేదేం?"

"అందరి ముందా? మీకు బాగుంటుందా? నా దారినే చుట్టు తిప్పేస్తాను. నాలుగు కిలోమీటర్లు పెరుగుతుంది. హెల్గా తిడితే తిట్టనీయండి."

వోల్కర్ ఫోను మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

"వద్దు. తప్పు నాది, రేపు నేనే చెప్తాను. నేను నీళ్ల ఫోటో తీద్దామని వచ్చాను, స్వెన్యా. నిన్ను మెచ్చుకుంటే ఓర్వలేక."

ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసి అందించింది. రెండు గుక్కలు తాగాక అతని గుండె తేలికపడింది.

"పద, పోదాం. ఆయన్ని కూడా పిలువు, పాపం చలికి గడ్డకట్టుకుపోతాడు."

"ఎవర్ని?"

"ఇందాక నీ లైటు అటు పడ్డప్పుడు చూశాను. కల్వర్టు దగ్గర టేపు పట్టుకుని కూర్చున్నాడే... నీతో వచ్చినాయన."

"నేనొక్కదాన్నే వచ్చాను, వోల్కర్ గారూ," గొణిగింది స్వెన్యా. "ఆ చివర... రాతికి తగిలించాను."

ఇద్దరూ వెనక గుమ్మం వైపు తిరిగారు.

టేపు ఆమె చేతిలోంచి మెల్లగా... మూర తర్వాత మూర... చీకట్లోకి సాగుతోంది.