కొలిమిలో కలాత్

"కలాత్ పని. వెంటనే ఐరాల వెళ్లు," అన్నాడు ఫోన్‌లో చీఫ్.

లైను గరగరలాడింది. ఏజెంట్ వెంకటమునికి అది 'కళాయి పని'గా వినిపించింది. మారువేషం కాబోలనుకుని కొలిమి, తిత్తి, పట్టకారు ఆటోలో వేసుకుని మధ్యాహ్నానికల్లా ఇమాంసాహెబ్ ఇంటి ముందు దిగాడు.

"కళాయా? మాయింట్లో అన్నీ స్టీలు గిన్నెలే గదప్పా!" అన్నాడు ఇమాంసాహెబ్.

తలపాగాలోని ఇయర్‌పీస్ బుసకొట్టింది. "కళాయి కాదయ్యా, కలాత్! బలూచ్ సంస్థానం! సరే, ఆ వేషంలోనే ఏడువు. బ్రీఫింగ్ విను. లోపల మీర్ షాదాద్ తలదాచుకుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్లు. తండ్రి కలాత్ ఖాన్ దర్బారులో గుమాస్తా. 1948 మార్చిలో ఖాన్ సంతకంతో రాజ్యం పాకిస్తాన్‌లో కలిసింది. ఎదురుతిరిగినవాళ్ల కథలన్నీ ఈయన నోట్‌బుక్‌లో రాశాడు. ఆ కథలు చెప్పిన ముప్పై ఎనిమిది కుటుంబాల పేర్లు, ఊళ్లు అందులో ఉన్నాయి. అవి శత్రు ముఠాకు చిక్కితే ఒక్క ఇల్లూ మిగలదు. ఇవాళ మస్కట్ నుంచి మనవరాలు నాజ్‌బీబీ వస్తుంది. కోడ్‌గా బాదంచెట్ల మాట చెబుతుంది. ఆమె చేతికి అందేదాకా కాపలా. ఓవర్."

కలాత్‌ను కలిపిందెవరో చరిత్రలో ఉంటుంది. కలత మిగిలిందెవరికో ఆ నోట్‌బుక్‌లో ఉంది.

వెంకటముని వరండాలో కొలిమి రాజేశాడు. ఇమాంసాహెబ్ భార్య ఉమ్మే సల్మా జాలిపడి రాగి దేగిసా తెచ్చింది. "ఊరికే కూసోని ఏం జేస్తావు, దీనికన్నా కళాయి పూయి."

మూడింటికి టాక్సీ ఆగింది. నల్లకళ్లద్దాలు, పట్టు దుపట్టాతో ఒకామె దిగింది. ఐరాల ఎండ కూడా ఒక్క క్షణం నీడకు తప్పుకుంది.

"మస్తుంగ్‌లో బాదంచెట్లు పూచాయి, తాతా," అంది ఉర్దూలో. కోడ్ కరెక్ట్.

మనవరాలిని ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు చూశాడు ముసలాయన, మళ్లీ ఇప్పుడే. "కూర్చో తల్లీ. హాల్ చెప్పు."

"అంతా క్షేమం. టైం లేదు. పుస్తకం ఇవ్వండి."

"దారిలో ఏం చూశావు?"

"ఏమీ లేదు తాతా. పుస్తకం!"

షాదాద్ ముఖం మాడిపోయింది. దిండు కింద నుంచి నోట్‌బుక్ తీశాడు. గోడ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఆమె చేయి చాచేలోగా దాన్ని కొలిమిలో పడేశాడు.

ఆమె జడలోంచి విషపు సూది దూసింది. అది ముసలాయన మెడకు అంగుళం దూరంలో ఉండగా వెంకటముని ఆమె మణికట్టును పట్టకారుతో పట్టేశాడు. ఎర్రగా కాలిన పట్టకారు. ఆమె అరుపుకు వీధంతా వచ్చింది.

కళ్లద్దాల్లో కెమెరా దొరికింది. పర్సులో ఐడీ కార్డు దొరికింది: రుహీ, ట్రాన్స్‌లేటర్. సాక్షాత్తూ మన డిపార్ట్‌మెంటే! నాజ్‌బీబీని చెన్నై ఎయిర్‌పోర్టులో రిసీవ్ చేసుకోవడానికి పంపిన మనిషి.

"కోడ్ సరిగ్గానే సెప్పె గదా సాబ్, యాడ తప్పింది?" ఇమాంసాహెబ్ అడిగాడు.

వాకిట్లో గుమిగూడిన అందరికీ వినపడేలా షాదాద్ చెప్పాడు: "దూరం నుంచి వచ్చిన బలూచ్ ముందు హాల్ చెప్పాలి. బయల్దేరింది మొదలు గుమ్మం దాకా చూసింది, విన్నది, వాన పడిందా, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, అన్నీ. అంతవరకూ వేరే మాట ఉండదు. నా మనవరాలే అయితే గంటసేపు చెప్పేది. 'అంతా క్షేమం' అని తేల్చేసింది పరాయిది."

"అరవై ఏండ్ల రాత గద సాబ్," అంది ఉమ్మే సల్మా, కొలిమి వైపు చూస్తూ.

"ఆ ఇళ్లవాళ్లు బతికున్నారమ్మా."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. వడమాలపేట దగ్గర, రోడ్డు పక్క కాలువలో నాజ్‌బీబీ శవం. వెంకటముని తలపాగా తీసేశాడు.

ముసలాయన అది చూశాడు. మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూర్చో నాయనా. హాల్ చెప్పు."

ఎన్ని వేషాలేసినా ఇక్కడ అబద్ధం చెల్లదు. వెంకటముని నాజ్‌బీబీ ప్రయాణాన్ని చెన్నై ఎయిర్‌పోర్టు దగ్గర మొదలుపెట్టాడు. అక్కడి నుంచి వడమాలపేట రెండున్నర గంటల ప్రయాణం. మాటల్లోనే ఊరూరా ఆగుతూ, చేతనైనంత నెమ్మదిగా వచ్చాడు.