సీసాలో ఎర్రగీత

"డేగా, తలుపేసి కూర్చో," అన్నాడు చీఫ్.

డేగ తలుపు వేసి, టేబుల్ కింద మైకులేమైనా ఉన్నాయేమో తడిమి చూసి, అప్పుడు కూర్చున్నాడు. పేరుకు డేగే గానీ సోడాబుడ్డి కళ్ళద్దాలు తీస్తే ఎదుటి మనిషి ఆనడు. అనుమానం మాత్రం జాస్తి. ఆఫీసు టీ కూడా పక్కవాడు తాగాకే ముట్టుకుంటాడు.

"జీన్ మందు ఒక్క డోసు ఇవాళ ఆస్పత్రికొస్తోంది. అందులో పాలిమర్ నానో రేణువులుంటాయి. జీన్‌ని పొట్లం కట్టినట్టు చుట్టి కణంలోపలికి మోసుకెళ్తాయి. గట్టిగా కుదిపితే ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి. విదేశీ ముఠా కన్ను దాని మీదే ఉంది. అసలు సీసా కొట్టేసి నకిలీది పెడతారట."

"ఎక్కించేది ఎవరికి?"

చీఫ్ చూపు తిప్పుకున్నాడు. "మీ అక్క కూతురికి. ఇంకో డోసు తయారయ్యేదాకా పాప ఆగలేదు."

డేగ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తెచ్చేదెవరు?"

"నెమలి. మందు తయారుచేసింది ఆవిడే. ముఠాలో మనం పెట్టిన మనిషి కూడా. దారంతా గార్డు వెంటుంటాడు."

"ఆవిణ్ణి మన దగ్గర వాళ్ళు పెట్టలేదని గ్యారంటీ ఏంటి?"

చీఫ్ నిట్టూర్చి ఒక పెన్ను ముందుకు తోశాడు. "లేజర్. రేణువులుంటే మందులో ఎర్రగీత కనిపిస్తుంది. ఉత్త నీళ్ళలో కనిపించదు."

మధ్యాహ్నం డేగ వార్డుబాయ్ వేషంలో ఆస్పత్రి వరండా తుడుస్తున్నాడు. లిఫ్ట్‌మన్ అతిగా నవ్వుతున్నాడు. నర్సు అసలు నవ్వడం లేదు. ఇద్దరి మీదా అనుమానమే.

హైహీల్స్ టకటకలాడాయి. సిల్కు స్కార్ఫ్, నల్లకళ్ళద్దాలు, చేతిలో మందు పెట్టె.

"వాన పడేలా ఉందే," అంది నెమలి.

"గొడుగు లాండ్రీకి వేశానండీ."

కోడ్ సరిపోయింది. ఆమె పెట్టెను నర్సుకు ఒంటిచేత్తో అందించింది. నర్సు దాంతో వార్డులోకి వెళ్ళింది. నెమలి వెళ్ళబోతుంటే సెక్యూరిటీ ఆమె హ్యాండ్‌బ్యాగ్ చూపించమన్నాడు. తాళాలు, దువ్వెన, ఫోన్ బల్లమీద దబదబా విసిరేసింది. చివరికి సెంటు సీసా తీసింది. రెండు చేతులతో, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించింది.

డేగ తుడవడం ఆపాడు. మందు పెట్టె మీద లేని జాగ్రత్త సెంటు సీసా మీద ఎందుకు?

తుడుపుకర్ర పారేసి వార్డులోకి పరిగెత్తాడు. నర్సు సిరంజిని పాప సెలైన్ గొట్టానికి తగిలించి, బొటనవేలు పైన పెట్టేసింది.

"ఆపండి!"

"ఒరేయ్, నీకిదేం వేషంరా?" అంది అక్క బిత్తరపోయి.

డేగ లేజర్ నొక్కాడు. సిరంజిలో గీత లేదు. ఉత్త నీళ్ళు!

మళ్ళీ బయటికి పరిగెత్తాడు. నెమలి గేటు దాటబోతోంది. ఆమె చేతిలోని సీసా మీద లేజర్ పడగానే లోపల ఎర్రగీత వెలిగింది.

నెమలి సీసాను పైకెత్తింది. "ఒక్కడుగు వేశావా, నేలకేసి కొడతా!"

 డేగ చెయ్యి చాపాడు.

"కొట్టలేరు మేడమ్. ఇందాక దాన్ని బల్లమీద పెట్టడం చూశాను. అమ్ముకోవాలనుకున్నా, చేసిన చేతులు కదా."

ఆమె చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా, ఏమాత్రం కుదపకుండా, సీసాను అతని అరచేతిలో పెట్టింది. సెంటు సీసా ఉత్త గాజు తొడుగు. సీలు చెదరని అసలు మందు అందులోనే ఉంది.

సాయంత్రానికి పాప ఒంట్లోకి మందంతా ఎక్కింది. అక్క కళ్ళు తుడుచుకుని టీ కప్పు అందించింది. డేగ జీవితంలో మొదటిసారి ఎవరినీ ముందు తాగమనకుండా గుటక వేశాడు.

నాలుక చుర్రుమని కాలింది. అనుమానమే మేలనుకున్నాడు.