ఇస్తాంబుల్ నుంచి వచ్చిన కవరు

ఆ మంగళవారం పొద్దున కనీజ్ పొయ్యి మీద రవ్వ వేయిస్తుండగా పోస్టు వచ్చింది. సిడ్నీలో వెస్ట్‌మీడ్ ఆసుపత్రి వెనక మూడో అంతస్తు అద్దె ఇల్లు అది. కింద డబ్బాలో పడిన ఉత్తరాలు తెచ్చేదీ, విప్పేదీ ఆమే. నరసరావుపేటలోనూ ఇంటికొచ్చిన కవరు ఆమె చేతిలో చిరిగాకే మిగతావాళ్ళకు అందేది. దేశం మారినంత మాత్రాన పెత్తనం ఎక్కడికి పోతుంది?

కవరు కోడలు జెహ్రా పేరు మీద ఉంది. జెహ్రా టర్కీ పిల్ల. ఇస్తాంబుల్‌లో డాక్టరు చదువు ఐదో ఏట ఉండగా, తలకు గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలను యూనివర్సిటీల్లోకి రానివ్వకూడదని అక్కడి సర్కారు పెద్దలు పట్టుబట్టారు. పోలీసులు గేటు దగ్గరే ఆపేశారు. సిడ్నీలోనే ఆబర్న్ పేటలో ఉన్న మేనమామ దగ్గరికి వచ్చి పడిన ఆ పిల్లను మసీదులో చూసి, కనీజ్ ఏరికోరి కొడుకు ఫుర్కాన్‌కు చేసుకుంది. తలమీద గుడ్డ కోసం డాక్టరు చదువే వదులుకున్న కోడలని కనిపించిన వాళ్ళకల్లా చెప్పి ఏడాదిగా మురిసిపోతోంది.

చదువు ఆగినవాళ్ళకు మళ్ళీ పరీక్షలు రాసే అవకాశం ఇస్తున్నారని తెలిసి జెహ్రా దరఖాస్తు పెట్టింది. ప్రస్తుతం ఆసుపత్రి క్యాంటీన్‌లో పళ్ళేలు ఎత్తుతూ, ఆ జవాబు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది.

కవరులో ఒక కాగితం, ఒక పాత కాలేజీ కార్డు ఉన్నాయి. కార్డు మీది ఫొటోలో జెహ్రా తలమీద గుడ్డ లేదు. భుజాల దాకా జుట్టు విరబోసుకుని ఉంది. కనీజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాదిగా తను చెప్పుకున్నదంతా అబద్ధమేనా? వినేవాళ్ళందరూ లోపల నవ్వుకున్నారా? రవ్వ మాడిన వాసన వచ్చేదాకా ఆమె అలాగే నిలబడిపోయింది.

కాగితం టర్కీ భాషలో ఉంది. కనీజ్‌కు తెలుగు, కూడబలుక్కుంటే ఇంగ్లీషులో ఇంటివాళ్ళ పేర్లు తప్ప అక్షరం రాదు. ఫుర్కాన్ ఊళ్ళో లేడు. రెండు వేల సంవత్సరంతో వైటూకే గండం గడిచాక కంప్యూటరు పనులు పలచబడి, దొరికిన చోటికల్లా పరిగెడుతున్నాడు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. కొడుకు వచ్చాకే తేల్చుకుందామని ఆమె కవరును బియ్యం డబ్బా అడుగున దాచింది.

జెహ్రా రోజూ పని నుంచి రాగానే, "ఉత్తరం వచ్చిందా అన్నే?" అని అడిగేది. అన్నే అంటే వాళ్ళ భాషలో అమ్మ. కనీజ్ అన్నం వడ్డిస్తూ రాలేదని చెప్పేది. అలా పది రోజులు చెప్పింది.

శుక్రవారం సాయంత్రం ఫుర్కాన్ వచ్చి బూట్లన్నా విప్పకముందే కనీజ్ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చూడరా నీ పెళ్ళాం నిర్వాకం. నాకు చెప్పిందేంది, ఇదేంది? నేనింక మసీదుకొచ్చే ఆడోళ్ళ మధ్యకి ఏ మొహం పెట్టుకుని పోను?"

అప్పుడే పని నుంచి వచ్చిన జెహ్రా ఫొటో వైపు చూడలేదు.

"కాగితం ఏది అన్నే?"

ఆ గొంతు విని కనీజ్ కాగితం తెచ్చి ఇచ్చింది. జెహ్రా నిలబడే చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఎప్పుడు వచ్చిందని ఇంగ్లీషులో మొగుణ్ణి అడిగింది, అతను తల్లిని అడిగాడు. పది రోజులైందని కనీజ్ చెప్పింది. జెహ్రా కుర్చీలో కూలబడి అతనితో ఏదో మెల్లగా అంది.

ఫుర్కాన్ తల్లి వైపు తిరిగాడు. "పరీక్షలకి పేరు కన్ఫర్మ్ చేసుకోమని రాశారమ్మా. లాస్ట్ డేట్ మొన్న బుధవారం."

ఇస్తాంబుల్‌లో అప్పుడు పొద్దున తొమ్మిది దాటింది. అతను ఫోను కలిపి ఇచ్చాడు. జెహ్రా చాలాసేపు బతిమాలింది. భాష తెలియకపోయినా ఆ బతిమాలడం కనీజ్‌కు అర్థమైంది. గడువు దాటితే తామేమీ చేయలేమని, మళ్ళీ ఇలాంటి అవకాశం ఎప్పుడిస్తారో తమకూ తెలియదని అవతలివాళ్ళు చెప్పారట.

"మరి ఆ జుట్టు?" అంది కనీజ్. ఆమె గొంతులో పస లేదు.

"విగ్గు అన్నే," అంది జెహ్రా, తనకు వచ్చిన కాస్త తెలుగులో. "నా జుట్టు కనపడకుండా, పైన విగ్గు. లోపలికి పంపిస్తారని. ఒక సంవత్సరం అట్లా వెళ్ళాను. తర్వాత విగ్గు కూడా పట్టుకున్నారు. ఈ కార్డు లాక్కున్నారు, ఇప్పుడు తిరిగి పంపారు." కార్డును బల్ల మీద బోర్లించింది. "మీరు అందరికీ చెప్తారు, నేను చదువు వదిలేశాను అని. నేను వదలలేదు అన్నే."

కనీజ్‌కు అప్పుడు తెలిసింది. ఏడాది పాటు గొప్పగా చాటుకున్నది ఈ పిల్ల త్యాగం కాదు, ఈ పిల్లకు జరిగిన అన్యాయం. ఆ అన్యాయాన్ని ఇప్పుడు తన చేతులతోనే పూర్తి చేసింది.

"గేటు కాడ ఆపినోళ్ళన్నా మొహాన చెప్పి ఆపారు," అంది ఏడుస్తూ. "నేను అన్నం పెడతా అబద్ధం చెప్పి ఆపాను. నన్ను తిట్టమ్మా."

జెహ్రా తిట్టలేదు. కనీజ్ తన భుజం మీద చెయ్యి వేయబోతే ఆ చెయ్యి తోసేసింది. తర్వాత ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ క్షణాన ఆమెకు తల్లి కావాలి, కన్నతల్లేమో సముద్రాల అవతల ఉంది. ఏడ్చి ఏడ్చి చివరికి, తోసేసిన మనిషి ఒళ్ళోనే తల పెట్టుకుంది. ఓదార్చే హక్కు తనకు లేదని తెలిసి కనీజ్ ఒక్క మాటా అనకుండా ఆ తలను పట్టుకుని కూర్చుంది.