గాలి ఆడాలి, వాన రాకూడదు

బావిగట్టు మీది గోడకు చెన్నకేశవులు బిగించిన ఇనుపపెట్టె మీద నీలావతి నిండు బిందె కుమ్మరించింది. పెట్టె తడిసింది సరే, దాని కింద గొంతుక్కూర్చుని మరలు బిగిస్తున్న మనిషి కూడా నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసిపోయాడు.

"ఏయ్! కండ్లు కనపడల్యా?" అంటూ ఎగిరి లేచాడు.

"బాగా కనపడతాండాయి. అందుకే పోసినా," అంది ఆ పిల్ల, ఖాళీ బిందె నడుముకు ఆనించుకుని. "ఎంత వానొచ్చినా ఏం కాదని మా నాయనకు గొప్పలు చెప్పినావు గదా. యాడ, తలుపు తీసి చూపియ్యి."

తీశాడు. అడుగున చెంబెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇంకా కరెంటు కలపలేదు కాబట్టి బతికిపోయారు.

"మా ఎనుము గూడా ఒక్క గుక్కలో ఇన్ని నీళ్లు తాగదబ్బా," అని పకపకా నవ్వింది.

పెనుకొండ చుట్టుపక్కల పల్లెలకు కరెంటు వచ్చిన కొత్తరోజులవి. మోట తోలే ఎద్దులను అమ్ముకుని రైతులు మోటార్లు కొంటున్నారు. మోటారును నడిపే స్టార్టరు బావిగట్టున ఆరుబయటే ఉండాలి. దాన్ని పెట్టెలో పెట్టి బిగదీస్తే ఉక్కకు లోపలి తీగచుట్ట కాలిపోతుంది. తెరిచి పెడితే వాన కొట్టి పేలుతుంది. గాలి ఆడాలి, వాన రాకూడదు. ఇదీ చిక్కు. హిందూపురంలో గంగప్ప షెడ్డులో పెట్టెకు నాలుగు చిల్లులు పొడిచి "తీసుకపోండప్పా" అని అమ్మేవారు. ఆ షెడ్డులో పనిచేసే చెన్నకేశవులుకు మాత్రం ఆ చిల్లుల మీద నమ్మకం లేదు. నీలావతి బిందెతో ఉన్న కాస్తా పోయింది.

తర్వాతి వారం ఇంకో పెట్టె తెచ్చాడు. ఈసారి చిల్లులు లేవు. పక్కరేకుకు బారుగా చీలికలు కోసి, ఒక్కొక్క చీలిక అంచునూ చూరులాగా కిందికి రెక్కలా వంచాడు. రెక్క మీద పడిన నీళ్లు కింది రెక్క మీదికి, అక్కడి నుంచి నేలకు జారిపోతాయి.

"ఇప్పుడు పొయ్యి, చూద్దాం," అన్నాడు రొమ్ము విరిచి.

నీలావతి బిందె పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు తీసి అడ్డంగా విసిరింది. సగం లోపలికి పోయాయి.

"అదేంది! అట్ల విసురుతారా?"

"వాన నెత్తి మీదనే పడతాదని నీకెవురు చెప్పినారు? మా ఊర్లో గాలికి అడ్డంగా వస్తాది. మీ కనగానపల్లి తట్టు ఎట్ల వస్తాదో ఏమో."

"మా తట్టు అసలు వస్తే గదా," అన్నాడు కేశవులు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

మాట నిజమే. నీలావతి నాయన నారాయణప్పా, కేశవులు వాళ్లూ ఒక కులం వాళ్లే. కాకపోతే నారాయణప్పకు బావి కింద చెరుకు, వీళ్లకు ఆకాశం కింద శెనక్కాయలు. ఆ తేడా ఇంతా అంతా కాదు.

"పోయొస్తానన్నా!" అని ఇంటి వాకిట్లోని నారాయణప్పకు కేకేసి కేశవులు సైకిలెక్కబోతుంటే, నీలావతి గొంతు తగ్గించి అంది: "మా నాయనను అన్నా అంటే నువ్వు నాకు చిన్నాయనవు అవుతావు. తెలిసే పిలుస్తాండావా?"

పాపం, హిందూపురం చేరేదాకా అతను సైకిలు ఏ దారిన తొక్కాడో అతనికే తెలియదు.

మూడో పెట్టెకు రెక్కల చివర సన్నటి మడత పెట్టాడు, నీటిబొట్టు అంచు పట్టుకుని లోపలికి పాకకుండా. రెక్కల వెనక వేలెడు ఎడంగా ఇంకో రేకు నిలబెట్టాడు. గాలితో లోపలికి దూకిన నీళ్లు దానికి కొట్టుకుని, అడుగున ఉన్న కంతలో నుంచి బయటికి పోవాలి. గాలి మాత్రం పక్కకు తిరిగి పైకి పోతుంది. రెక్కల కింది సందు నిలబడి చూసేవాళ్లకు కనపడదు, మోకాళ్ల మీద కూర్చుని తల పైకెత్తితేనే కనపడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, కొంప ముంచింది ఇదే.

నీలావతి పైనుంచి పోసింది, అడ్డంగా కొట్టింది, కిందినుంచి కూడా చల్లింది. తలుపు తీసి లోపల వేలు పెట్టి రాసి చూసుకుంది. పొడి దుమ్ము అంటింది.

"ఇంగేం పోస్తావు?" అన్నాడు కేశవులు.

"బాయిలో నీళ్లు అయిపోయినాయి," అంది తల వంచుకుని. బావి నిండా నీళ్లున్నాయి.

"అట్లయితే, మామా అని పిలిస్తే మీ నాయన పలుకుతాడా, కర్ర తీసుకుంటాడా?"

"నన్నడుగుతావేంటికి? పిలిచి చూడు." చెవుల దాకా ఎర్రబడి పరుగెత్తింది.

పిలిచాడు. నారాయణప్ప కర్ర తీసుకోలేదు. నారాయణప్ప మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"భూమి లేదు నీకు. అది నాకు పెద్ద లెక్క ల్యా. పనోడివి, అది చాలు," అన్నాడు. "ఈ వానకాలం పోనీ. నువ్వు చేసిన పెట్టె నిలబడితే నా బిడ్డ నీది. స్టార్టరు పోయిందంటే మాత్రం ఈ గడప తొక్కొద్దు."

"నిలబడతాది మామా," అన్నాడు కేశవులు. ఆ మాటలో రవ్వంత అనుమానం లేదు.

అనుమానమంతా నీలావతికే మిగిలింది.

ఆ ఇంట్లో వాన మబ్బు పట్టగానే చేసే పని ఒకటుంది. విత్తనాల కుండల మూతుల్లో పేలికలు కుక్కి, పైన పేడ మెత్తుతారు. చెమ్మ తగిలితే మరుసటేడు పంట లేనట్టే. అవ్వ చౌడమ్మ నేర్పగా పసితనం నుంచీ ఆ పని నీలావతిదే. ఆ సాయంత్రం తూర్పున మబ్బు నల్లగా లేచి, గాలి దుమ్మెత్తి పోస్తుంటే, కుండలన్నీ అయ్యాక చేతిలో ఇంకా పేడ మిగిలింది. బావిగట్టు వైపు చూసింది. కేశవులు మీద నమ్మకం లేక కాదు, నాయన మాట మీద భయం. పాత రవికె చింపి పేలికలు చేసుకుని పరుగెత్తింది. రెక్కల కింద చేతులు పెట్టి ప్రతి సందులోనూ కుక్కి పేడ మెత్తింది.

వాన అడ్డంగానే కొట్టింది. మరునాడు నారాయణప్ప తలుపు తీసి చూస్తే పెట్టెలో చుక్క నీరు లేదు. "భలే పనోడే!" అని ఊరంతా చెప్పుకున్నాడు. అది విని గంగప్ప కూడా షెడ్డులో రెక్కల పెట్టెలే చేయించసాగాడు. నీలావతి పేలికలు తీయలేదు. ఇంకా వానలున్నాయి కదా, ఉంటే ఏం పోతుందిలే అనుకుంది. కుండకు గాలి అక్కర్లేదు మరి.

తర్వాత మబ్బులు తప్పుకున్నాయి. ఎండలు మండిపడ్డాయి. చెరుకు వాడుతోందని నారాయణప్ప పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మోటారు నడిపించాడు. ఒక మధ్యాహ్నం కమురు వాసన వచ్చింది. స్టార్టరు మాడి మసైంది, దాంతోపాటు మోటారు కూడా పోయింది.

కబురు అందుకుని కేశవులు వచ్చేసరికి బావిగట్టున పదిమంది ఉన్నారు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా మోకాళ్ల మీద కూర్చుని, తల పైకెత్తి రెక్కల కిందికి చూశాడు. ఎండిన పేడ. అందులోంచి తొంగిచూస్తున్న ఆకుపచ్చ రవికె గుడ్డ. ఆ గుడ్డ ఎవరిదో అతనికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

తల తిప్పి చూశాడు. అవ్వ వెనక నీలావతి నిలబడి ఉంది.  కళ్లు నేలకు దించుకుంది.

"ఏమైందప్పా?" అన్నాడు నారాయణప్ప. ఆ గొంతులో కోపం కన్నా ఆశ ఎక్కువగా ఉంది.

చెబితే పదిమంది ముందు పిల్ల పరువు పోతుంది. ఏ సంబంధంతో ఈ పని చేసిందని అడుగుతారు. కేశవులు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"నా లెక్క తప్పినాది," అన్నాడు.

 నారాయణప్ప గడప వైపు కాదు, దారి వైపు చెయ్యి చూపించాడు.

ఊరూరా చెప్పుకున్నారు, రెక్కల పెట్టె కొంటే మోటారు పోతుందని. గంగప్ప ఆ పని ఆపించి మళ్లీ చిల్లులు పొడిపించాడు. కేశవులు తన చేత్తోనే పొడిచాడు. అంత నష్టంలోనూ అతనికి లోపల ఒక గర్వం. ఆమె కోసం పేరు పోగొట్టుకున్నాను, అంతకన్నా ఎవడు ప్రేమిస్తాడు? ఛీ, మగవాడి గర్వం ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి!

సంక్రాంతి దాటి చాన్నాళ్లకు, పెనుకొండ స్టేషన్లో హిందూపురం బండి కోసం కేశవులు కొళాయి దగ్గర నిలబడి ఉంటే నీలావతి కనబడింది. చౌడమ్మ మూట మీద కూర్చుని కునుకుతోంది. నారాయణప్ప టిక్కెట్ల కిటికీ దగ్గర ఎవరో పెద్దమనుషులతో మాట్లాడుతున్నాడు. నీలావతి తానే కొళాయి దగ్గరికి వచ్చింది.

"ధర్మవరం పోతాండాము. చీరలకు," అంది.

"పెళ్లంట గదా. విన్యా."

"ఆ పొద్దు అబద్ధం ఏంటికి చెప్పినావు?"

"నీ కోసమే. నీ పేరు బయట పడగూడదని."

"నేనడిగినానా?" అంది నీలావతి. "నాకు నోరు రాలే. అది నా తప్పే, కాదనను. కానీ నీ పెట్టె మంచిదని నువ్వు ఒక్క మాట అనింటే, పేలికలు నావేనని ముందుకొచ్చేదాన్ని. నువ్వు ఆ సందు గూడా మూసేస్తివి."

"ఇప్పుడంటాండావు."

"ఇప్పుడు కాదు. ఆ సాయంత్రమే మా నాయనకు అంతా చెప్పినా."

కేశవులు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏమన్యాడు?"

"కొట్టేకి చెయ్యెత్తినాడు. మళ్లీ కూలబడినాడు. 'వానిది తప్పు కాదు. కానీ తన చేత్తో చేసిన పని మంచిదని నలుగురిలో చెప్పలేనోడు, రేపు నీ పక్కన నిలబడి ఏం చెప్తాడమ్మీ?' అన్యాడు. 'వాడే వస్తాడు చూడు నాయనా' అన్యా నేను. ఎన్నాళ్లో చూసినా. నువ్వు రాలే."

దూరంగా బండి కూత వినబడింది. అది ధర్మవరం పోయే బండి.

"నాయన ఆడనే ఉండాడు," అంది నీలావతి. "ఇంగా చీరలు కొనలేదు. పోయి చెప్పు. ఏమైతే అది కానీ, నేను నీ వెనకనే నిలబడతా. ఈసారి పలుకుతా."

కేశవులు కదిలాడు. నారాయణప్ప అతన్ని చూశాడు. మొహం తిప్పుకోలేదు. మాట్లాడుతున్న పెద్దమనుషులను ఆపి మరీ, "ఏమప్పా కేశవులూ, ఏమన్నా చెప్పాల్నా?" అన్నాడు.

పెద్దమనుషులు తిరిగి చూశారు. వాళ్లు మగపెళ్లివారు. ఇంతమందిలో పిల్ల బతుకు ఏమవుతుంది, సంబంధం చెడితే ఊరు ఏమంటుంది అని కేశవులు ఆలోచించాడు. ఆలోచన మంచిదే.

"ఏం ల్యా. బాగుండారా అని," అన్నాడు.

నారాయణప్ప తల ఊపి టిక్కెట్లు లెక్క చూసుకున్నాడు. నీలావతి అవ్వను లేపి, మూట చంకనెత్తుకుని బండెక్కింది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చూసి ఉంటే తప్పకుండా చెప్పేవాడినని కేశవులు తర్వాత ఎన్నో ఏళ్లు తనకు తాను చెప్పుకున్నాడు. అదీ అబద్ధమే.