తవుడు సంచిలో ఎర్ర గౌను

"నా గోనె సంచులేవి?"

గీతాంజలి గొంతు మర మోతను దాటి వినిపించింది. మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లు ఓనర్ కొడుకు ఉదయ్ ఉలిక్కిపడి ఫోన్ పక్కన పెట్టాడు.

"గోడౌన్ మూలకున్నవా? పాతవనుకొని తవుడు నింపిచ్చిన మేడం. పొద్దుగాల్నే కోదాడకు పోయినయ్."

"మీరు మూడు నెలల సంది రోజూ గోడౌన్ల తిరుగుతున్నరు. ఆ సంచులు కనబడలేదా?"

"సంచులు సూడనీకి రాలే" అని గొణిగాడు ఉదయ్. ఆ మాట వినబడింది కానీ, పట్టించుకునే తీరిక ఆమెకు లేదు.

ఆమె మూడు నెలలుగా ఆ గోడౌన్‌లో మిల్లు ఆడవాళ్లకు కుట్టుబొమ్మలు నేర్పుతోంది. రోజూ అన్నాలు తిన్నాక, సంచులు కుట్టే దబ్బనంతోనే వాళ్లు ఆ గోనెల మీద తమ కథలు బొమ్మలుగా కుట్టుకున్నారు. ఎల్లుండే సూర్యాపేటలో ప్రదర్శన. దుమ్ము పడకూడదని వాటిని తిరగేసి మడతపెట్టింది గీతాంజలే. బొమ్మలు లోపలికి పోయాయి. తప్పులో తనకూ సగం వాటా ఉందని తెలిసి ఇంకా మండిపోయింది.

అన్నిటికంటే అంజమ్మ సంచి కావాలి. నాలుగేళ్లకే పోయిన బిడ్డను ఆమె ఎర్ర గౌనులో కుట్టుకుంది. ఆ పిల్లకు ఫోటో కూడా లేదు. "భద్రంగ సూస్తనమ్మా" అని గీతాంజలి మాటిచ్చింది.

"బండి తీయండి" అంది.

కోదాడ దాణా కొట్టులో పదిహేనింటిలో పద్నాలుగు సంచులు దొరికాయి. వాటిని ఖాళీ చేసి మిల్లు లారీలో పంపమన్నాడు ఉదయ్. అంజమ్మది లేదు.

"పదిహేనోదా? లోడు దిగగానే నడిగూడెం నాంచారమ్మ పట్టుకెళ్లిందండీ" అన్నాడు కొట్టతను.

"ఆమె ఈపాటికి దాన్ని దూడ కింద పరిసుంటది. వాన కూడ వస్తున్నది. తిరిగిపోదామా?" అన్నాడు ఉదయ్.

"మీరు పోండి. నేను నడిచైనా పోత."

అతను బండి నడిగూడెం వైపు తిప్పాడు.

నాంచారమ్మ ఇంటి వసారాలో, దండెం మీద ఆరేసి ఉంది సంచి. తవుడంతా బకెట్లో ఉంది.

"ఎవరి బిడ్డో పాపం, తవుడు కింద ఊపిరాడకుండ ఉన్నది. దులిపి ఆరేసిన" అందామె.

గీతాంజలికి ఏడుపాగలేదు.

తిరుగుదారిలో వాన దంచికొట్టింది. ఉదయ్ తన రెయిన్‌కోటు విప్పి సంచికి చుట్టాడు. తను మాత్రం నిలువునా తడిశాడు.

"పొద్దుగాల ఏదో అన్నరు. సంచులు సూడనీకి రాలేదా?"

"రాలే."

"మరి?"

"ఇంత వానల అడుగుతవేంది? నిన్ను సూడనీకే వచ్చిన."

అంతవరకూ సీటు వెనక కడ్డీని పట్టుకున్న ఆమె చెయ్యి అతని భుజం మీదికొచ్చింది.

సూర్యాపేట ప్రదర్శనలో, జరిగిందంతా విన్న అంజమ్మ ఎర్ర గౌనును వేళ్లతో తడిమింది. మూలన తుమ్ముతున్న ఉదయ్‌ని చూసి, గీతాంజలి చెవిలో అంది:

"తను తడిసి, నా బిడ్డను తడవనియ్యలే. ఈ పిలగాన్ని ఇడువకు బిడ్డా."

గీతాంజలి నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"రేపు కూడ గోడౌన్‌కు రా. ఈసారి జర సంచులు గూడ సూడు."